మూర్ఛ బిడ్డకి గుడ్డు పెట్టొద్దన్నదెవరు?

పిల్లోడికి ఫిట్స్ వచ్చాయంటే మన పేటల్లో మూడు పనులు జరుగుతాయి. ఒకటి, చేతిలో ఇనప తాళాలు పెడతారు. రెండు, ముక్కు దగ్గర చెప్పు పెడతారు. మూడు, మర్నాటి నుంచి గుడ్డు, చేప, కూర మానిపిస్తారు.

మొదటి రెండిటివల్ల ఒరిగేదేమీ లేదు. చాలావరకు ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ నిమిషాలు గడిచిపోతాయి. తాళమే ఆపిందని నమ్ముతాం. చెప్పు సంగతీ అంతే. ఆ చెప్పు కుట్టినోణ్ణి గడప తొక్కనివ్వని ఇళ్ళల్లో కూడా ఆ నిమిషాన చెప్పు ముక్కు దాకా వస్తుంది. అది వేరే సంగతి.

మూడోది అలాంటిది కాదు. అది రెండు నిమిషాల్లో అయిపోదు. నెలలు సాగుతుంది, ఏళ్ళు సాగుతుంది. ఎదిగే బిడ్డ నోటికాడ ఉన్న కాస్త బలమైన తిండినీ లాగేసి, చారూ అన్నం మిగులుస్తుంది. దీనికి పథ్యం అని పేరు. ఈ పథ్యం ఎవరు పెట్టారు? మనం ఎందుకు మోస్తున్నాం? సరైన తిండితోనే కొంతమంది పిల్లల ఫిట్స్ తగ్గించవచ్చని వందేళ్ళ కిందటే వైద్యులు కనిపెడితే, ఆ వైద్యం మన వాడకి ఎందుకు రాలేదు? ఈ మూడు ప్రశ్నలూ ఒకే ప్రశ్న అని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

నీచు అనే మాటలో ఉంది అంతా

చేపకీ మాంసానికీ మన భాషలో పెట్టిన పేరు నీచు. జబ్బు చేసిన ఇంట్లో "నీచు తగలనివ్వకండి" అంటారు. నీచు తినేవాడు నీచుడు. నీచు మానినవాడు శుచి. రోగం పాపఫలం, పాపం పోవాలంటే శుచిగా ఉండాలి. లెక్క ఎక్కడినుంచి ఎక్కడికి పోయిందో చూడండి! ఇది వైద్యం కాదు, కులం. ఆచార్లగారి నోట పలికినా కులమే. భూతవైద్యుడి నోట పలికినా కులమే. మన మేనత్త నోట పలికినా కులమే.

పెద్దకూర తినడానికీ అంటరానితనానికీ ఉన్న ముడిని బాబాసాహెబ్ 1948లో అచ్చయిన 'అంటరానివారు' పుస్తకంలో విప్పి చూపించాడు. తిండిని చూపించి మనుషుల్ని ఊరవతలికి నెట్టారు. అదే తిండిని రోగిష్టి బిడ్డ పళ్ళెం నుంచి కూడా నెట్టేశారు. ఊరవతల ఉన్నోళ్ళం మనమే, ఆ మాటని నమ్మి పళ్ళెం ఖాళీ చేసుకుంటున్నదీ మనమే.

అసలు సంగతేమిటి? మూర్ఛ మెదడు జబ్బు. మెదడులో నరాల మధ్య నడిచే సన్నటి విద్యుత్తు ఒక్కసారిగా గాడి తప్పితే ఫిట్స్ వస్తాయి. గాలీ కాదు, దయ్యమూ కాదు, అంటువ్యాధీ కాదు. ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి ఈ జబ్బు ఉందని, వాళ్ళలో నూటికి 80 మంది దాకా బీద, మధ్యతరగతి దేశాల్లోనే ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సరిగా వైద్యం అందితే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చనీ చెబుతోంది.

గుడ్డు తింటే, చేప తింటే, పెద్దకూర తింటే ఫిట్స్ వస్తాయన్నదానికి రుజువు లేదు. ఫిట్స్‌ని లేపేవి వేరే ఉన్నాయి. మాత్ర వెయ్యడం మర్చిపోవడం. నిద్ర చాలకపోవడం. జ్వరం. కడుపు మాడ్చడం. కొందరికి మిణుకు మిణుకుమనే వెలుతురు. జాతరలో రాత్రంతా కూర్చోబెట్టి, ఉపవాసం ఉంచి, మాత్ర మాన్పించి, "గుడ్డు తిన్నాడు గనక వచ్చింది" అంటే ఎలా?

పంది మీద నింద

రెల్లివీధి లాంటి చోట్ల ఇంకో మాట వినిపిస్తుంది. "పంది మాంసం తింటారు గనక పురుగు మెదడుకెక్కింది" అని. ఇందులో సగం నిజం ఉంది. ఆ సగం నిజంతోనే మనల్ని కొడుతున్నారు. మిగతా సగం తెలుసుకుందాం.

పందిలో ఒక బద్దె పురుగు పిల్ల ఉంటుంది. సరిగా ఉడకని మాంసం తింటే అది మన పేగులో పెద్ద పురుగవుతుంది. అది మెదడుకెక్కదు. మెదడుకెక్కేది ఆ పురుగు గుడ్డు నుంచి వచ్చే పిల్ల. ఆ గుడ్లు మనిషి మలంలో బయటికొస్తాయి. మలం కలిసిన నీళ్ళతో, కడగని పచ్చి కూరలతో, కడుక్కోని చేతులతో నోట్లోకి పోతాయి. జన్మలో పంది మాంసం ముట్టని శాకాహారి ఇంట్లో పిల్లకి కూడా మెదడులో ఈ పురుగు తిత్తి దొరుకుతున్నది అందుకే. ఈ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో నూటికి 30 దాకా దీనివల్లేనని అంచనా.

అంటే తప్పు పళ్ళెంలో లేదు. తప్పు మురుగుకాలవలో ఉంది. మరుగుదొడ్డి లేని పేటలో ఉంది. మంచినీళ్ళ గొట్టం మురుగులోంచి పోయే వీధిలో ఉంది. ఊరి మలం ఎత్తిన కులాన్ని పట్టుకుని "నీ తిండివల్లే జబ్బు" అనడం ఎంత అన్యాయం! మాంసం బాగా ఉడకబెట్టండి, కూరలు కడగండి, చేతులు కడగండి. దాంతోపాటే, కాలవ కట్టని మునిసిపాలిటీని అడగండి.

వందేళ్ళ వైద్యం, నడవని దారి

ఇప్పుడు అసలు విషయం. తిండితో ఫిట్స్ తగ్గించే వైద్యం ఒకటుంది. దాని పేరు కీటోజెనిక్ డైట్. 1921లో అమెరికాలో మేయో క్లినిక్ డాక్టరు రసెల్ వైల్డర్ దీనికి ఆ పేరు పెట్టాడు. అన్నం, రొట్టె, చక్కెర లాంటి పిండి పదార్థాలు బాగా తగ్గించి కొవ్వు బాగా పెంచితే, ఒళ్ళు చక్కెర బదులు కొవ్వు కరిగించి బతుకుతుంది. అప్పుడు రక్తంలో కీటోన్లు అనేవి పుడతాయి. ఆ స్థితిలో కొంతమంది పిల్లలకి ఫిట్స్ తగ్గుతాయి, కొందరికి ఆగిపోతాయి. పాత పద్ధతిలో ఒంటికి అందే శక్తిలో నూటికి 90 పాళ్ళు కొవ్వు నుంచే రావాలి.

1938లో ఫెనిటోయిన్ మాత్ర వచ్చింది. మాత్ర తేలిక, తిండి లెక్క కష్టం. వైద్యులు ఈ పద్ధతిని పక్కన పెట్టారు. 1990లలో అమెరికాలో ఫిట్స్ ఆగని ఒక పిల్లోడి తల్లిదండ్రులు పట్టుబట్టి మళ్ళీ బయటికి తెచ్చారు. 2008లో లండన్ వైద్యులు 145 మంది పిల్లల మీద పరీక్షించి ఫలితం అచ్చేశారు. ఈ తిండి తిన్నవాళ్ళలో నూటికి 38 మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. తిండి మార్చనివాళ్ళలో నూటికి ఆరుగురికే తగ్గాయి. కొంచెం సడలించిన పద్ధతిని ఢిల్లీ ఎయిమ్స్‌లో 102 మంది పిల్లల మీద పరీక్షించి 2013లో ఫలితం చెప్పారు. తిన్నవాళ్ళలో నూటికి 52 మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి.

మనకి అన్నిటికన్నా ముఖ్యమైనది ఢిల్లీలోనే జరిగి 2016లో అచ్చయిన ఇంకో పరిశోధన. చదువు అంతగా రాని తల్లిదండ్రుల కోసం ఈ తిండి లెక్కని సులువు చేశారు. 81 మంది పిల్లల్ని రెండు గుంపులు చేసి చూశారు. సులువు చేసిన తిండి తిన్న గుంపులో సగం మందికి పైగా పిల్లల ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. "చదువురాని తల్లికి ఇవన్నీ ఎక్కడర్థమవుతాయమ్మా" అనేవాళ్ళకి ఇదే జవాబు. అర్థమయ్యేలా చెప్పడం తెలియాలి గానీ, అర్థం చేసుకోవడం మన తల్లులకి తెలుసు. పూర్ణా మార్కెట్లో కూరలమ్మే రెల్లి తల్లి పొద్దున తెచ్చిన గంపకి సాయంత్రం పైసలతో సహా లెక్క చెబుతుంది. రోజుకి ఎన్ని గ్రాముల పిండి పదార్థమో ఆమె లెక్కపెట్టలేదా?

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ తిండి అందరికీ కాదు. మూడింట రెండొంతుల మందికి మాత్రలే చాలు. మాత్రలు వాడినా ఆగని మిగతా మూడోవంతు కోసమే ఇది. సరిపడే రెండు మందులు సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే అప్పుడు ఈ తిండి సంగతి అడగాలి. కొన్ని అరుదైన జబ్బుల్లో మాత్రం ఇదే మొదటి వైద్యం. ఇంకొన్ని అరుదైన పుట్టు జబ్బుల్లో కొవ్వుని ఒళ్ళు అరిగించుకోలేదు. అలాంటి బిడ్డకి ఇది పెడితే ప్రాణం పోతుంది. అందుకే ముందు రక్తపరీక్షలు చెయ్యాలి. మలబద్ధకం వస్తుంది, కిడ్నీలో రాళ్ళు రావొచ్చు, ఎదుగుదల మందగించవచ్చు. డాక్టరు కళ్ళ ముందే మొదలవ్వాలి, డాక్టరు కళ్ళ ముందే ఆగాలి. ఇంట్లో ఎవరికి వాళ్ళు మొదలుపెట్టేది కాదు. మాత్రలు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి బిడ్డ చనిపోవచ్చు. తిండి మారినా మాత్ర మానకూడదు. తగ్గించాలంటే డాక్టరే తగ్గించాలి.

బాదం పప్పు ఎవరింట్లో ఉంది?

ఇక ఈ తిండి పట్టీ చూడండి. ప్రైవేటు ఆసుపత్రిలో అచ్చేసిచ్చే కాగితంలో ఉండేవేమిటి? పనీరు, వెన్న, మీగడ, బాదం పప్పు, ఆలివ్ నూనె. తల్లి ఆ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంటుంది. "ఇయ్యన్నీ ఏటి బాబూ, మాకాడ ఎక్కడుంటాయి" అని అడగదు. అడిగితే చిన్నతనం. ఇంటికొచ్చి అన్నం పెడుతుంది. మళ్ళీ వెళ్ళినప్పుడు "మీవాళ్ళు చెప్పింది చెయ్యరు" అని తిట్టు తింటుంది.

కానీ ఈ పద్ధతికి కావలసిన సరుకు నిజానికి ఎవరి తిండి? గుడ్డులో పిండి పదార్థం ఒక గ్రాము కూడా ఉండదు. చేపలో, మాంసంలో దాదాపు లేనే లేదు. ఫిషింగ్ హార్బరులో దిగే కవళ్ళూ కానాగంతలూ నూనె ఉన్న చేపలు. పెద్దకూర కొవ్వు, పంది కొవ్వు, కొబ్బరి, వేరుశనగ, నువ్వులు, గోంగూర, తోటకూర. ఇవి మన పేటల్లో తెలిసినవే. నీచు అని పేరు పెట్టి ఏ తిండిని మన బిడ్డ దగ్గర్నుంచి లాగేశారో, ఈ వైద్యానికి పనికొచ్చేది ఆ తిండే! ఏ ముక్కలో ఎంత కొవ్వు, ఎంత పిండి ఉందో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహారాలకి లెక్కకట్టి పుస్తకం వేసింది. కాబట్టి మన తిండికి లెక్క దొరకదన్న సాకు కూడా చెల్లదు. మన వంటింటి పట్టీ మన భాషలో ఎందుకు రాయరు?

ఇంకో పక్క చూడండి. సడలించిన పద్ధతిలో కూడా బిడ్డకి రోజుకి 10 నుంచి 20 గ్రాముల పిండి పదార్థమే. వంద గ్రాముల వండిన అన్నంలోనే 28 గ్రాముల దాకా ఉంటుంది. అంటే నాలుగు ముద్దలు తింటే రోజు లెక్క అయిపోయింది. మరి రేషను కార్డు మీద సర్కారు ఇచ్చేదేమిటి? బియ్యం. బడిలో వండేదేమిటి? అన్నం, దాంతో ఒక గుడ్డు. ఆ గుడ్డు కోసం కూడా ఎంత గొడవ! కొన్ని రాష్ట్రాల్లో పిల్లల పళ్ళెంలో గుడ్డు పెట్టడానికే మఠాలు, స్వాములు అడ్డుపడ్డారు. మన రాష్ట్రంలో గుడ్డు ఉంది. ఉండనివ్వడమే కాదు, ఈ జబ్బు ఉన్న బిడ్డకి అన్నం బదులు ఇంకో రెండు గుడ్లు వెయ్యాలి.

డబ్బాలూ పొడులూ

కడుపుకి తిండి లేని చోట డబ్బా పొడి అమ్ముడుపోతుంది. "మెదడుకి బలం", "నరాలకి శక్తి", "మూర్ఛ మూడు నెలల్లో మాయం". మూర్ఛ నయం చేస్తామని ప్రకటన వెయ్యడం 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. అయినా గోడల మీద, కరెంటు స్తంభాల మీద, సెల్‌ఫోన్లలో ఆ ప్రకటనలే. మూలికల పొడి అని అమ్మే కొన్నిటిని పరీక్షిస్తే ఇంగ్లీషు మందులే కలిసి దొరికాయి. ఎంత మోతాదో తెలియదు, ఎప్పుడు ఆగుతుందో తెలియదు. పొడి అయిపోయిన రోజున బిడ్డ పడిపోతాడు.

విటమిన్లు వద్దని కాదు. అవసరమైనవి ఉన్నాయి. ఫెనిటోయిన్, గార్డినాల్ లాంటి మందులు ఏళ్ళ తరబడి వాడితే ఒంట్లో విటమిన్ డి తగ్గి ఎముకలు బలహీనపడతాయి. డి విటమిన్, కాల్షియం అవసరమేమో డాక్టరుని అడగాలి. ఫోలిక్ యాసిడ్ కూడా తగ్గుతుంది. ఆ ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. పసిబిడ్డల్లో అరుదుగా వచ్చే ఒక రకం ఫిట్స్ బి6 విటమిన్‌తోనే ఆగుతాయి. తల్లి ఒంట్లో బి12 లేకపోతే పాలు తాగే బిడ్డకి వణుకు, ఎదుగుదల ఆగడం, ఫిట్స్ కూడా రావొచ్చు. ఆ బి12 దొరికేది పాలు, గుడ్డు, చేప, మాంసంలోనే. ఇక కీటో తిండి తినే ప్రతి బిడ్డకీ చక్కెర లేని విటమిన్లు, కాల్షియం తప్పనిసరి. తియ్యటి సిరప్పు పోస్తే దాంట్లో చక్కెరే తిండి లెక్కని చెడగొడుతుంది. మాత్రగా ఇమ్మని అడగాలి. ఇవన్నీ జబ్బుని బట్టి, మోతాదుని బట్టి ఇచ్చేవి. డబ్బా మీద బొమ్మ చూసి కొనేవి కావు. డబ్బా పొడికి పెట్టే డబ్బుతో నెలకి ఎన్ని గుడ్లు వస్తాయో ఒక్కసారి లెక్క వెయ్యండి.

కార్డుని బట్టి బిడ్డ

విశాఖలో వైద్యం లేదని ఎవరూ అనలేరు. 1923 నుంచి కేజీహెచ్ ఉంది. హనుమంతవాకలో విమ్స్ ఉంది. పోర్టు ఉద్యోగులకి పోర్టు ఆసుపత్రి, స్టీల్ ప్లాంటు ఉద్యోగులకి ఉక్కునగరం ఆసుపత్రి, కార్డున్న కార్మికులకి మల్కాపురం ఈఎస్ఐ. అంటే బిడ్డ మెదడు ఒకటే, తండ్రి కార్డుని బట్టి వైద్యం మారుతుంది. పర్మినెంటు కార్మికుడి బిడ్డకి ఒక గుమ్మం, కాంట్రాక్టు కార్మికుడి బిడ్డకి ఒక గుమ్మం, పోర్టులో బొగ్గు ఎత్తే రోజుకూలీ బిడ్డకి కేజీహెచ్ ఓపీ వరస. 2021 జనవరిలో కేంద్రం స్టీల్ ప్లాంటు అమ్మకానికి నిర్ణయం చేసింది. ఆ తర్వాత కాంట్రాక్టు కార్మికుల్ని తీసేస్తూ వచ్చారు. కాంట్రాక్టు పోతే కొన్నాళ్ళకి కార్డు పోతుంది. కార్డు పోతే మాత్ర ఆగుతుంది. మాత్ర ఆగితే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం. ప్రైవేటీకరణ అంటే రిజర్వేషన్లు పోవడమొక్కటే కాదు, మూర్ఛ బిడ్డకి మాత్ర పోవడం కూడా.

మాత్రల ఖర్చు పెద్దదా? కాదు. మూర్ఛకి రోజూ వాడే మందుకి ఏడాదికి మనిషికి 5 డాలర్లంత తక్కువే సరిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. అయినా బీద దేశాల్లో నలుగురిలో ముగ్గురికి వైద్యం అందడం లేదు. డబ్బు లేక కాదు, లెక్కలో మనం లేక.

మనం అడగాల్సినవి కొత్తవేమీ కావు. క్షయ రోగికి తిండి కూడా వైద్యమేనని సర్కారు ఒప్పుకుంది. 2018 నుంచి నెలకి 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు తిండికి ఇస్తోంది. మరి తిండే మందు అయిన ఈ బిడ్డకి ఎందుకివ్వరు?

ఒకటి: మూర్ఛ మాత్రలు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెల తప్పకుండా ఉండాలి. పాడేరు నుంచి, ఇచ్ఛాపురం నుంచి మాత్ర కోసం విశాఖ రావక్కర్లేకుండా ఉండాలి.

రెండు: కేజీహెచ్, విమ్స్‌లలో నరాల విభాగం పక్కన వారానికి ఒక నిర్ణీత రోజు ఈ తిండి లెక్క చెప్పే మనిషి కూర్చోవాలి. గుడ్డు, కవళ్ళు, పెద్దకూర, నూనె, ఆకుకూరలతో తెలుగులో, బొమ్మలతో పట్టీ ఉండాలి. మూత్రంలో కీటోన్లు చూసుకునే పట్టీలు ఉచితంగా ఇవ్వాలి.

మూడు: డాక్టరు రాసిచ్చిన బిడ్డకి రేషను కార్డు మీద బియ్యానికి బదులు గుడ్లు, నూనె, వేరుశనగ ఇవ్వాలి.

నాలుగు: ఫిట్స్ వస్తాయని బిడ్డని బడి మాన్పించే పంతుళ్ళకి ముందు పాఠం చెప్పాలి. పక్కకి తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చెయ్యడం. ఇంతే పాఠం. చేతిలో తాళం ఇందులో లేదు.

ఈ నాలుగూ సర్కారు ఇచ్చేదాకా చెయ్యాల్సిన పని ఒకటి మన చేతిలోనే ఉంది. తల్లులారా, ఈసారి ఓపీకి వెళ్ళినప్పుడు రెండు మాటలడగండి. "డాక్టరు బాబూ, నా బిడ్డకి ఏ తిండి మానిపించాలో కాదు, ఏం పెట్టాలో చెప్పండి. రెండు మందులకీ ఆగలేదు, తిండి వైద్యం పనికొస్తుందా?" వరసలో వెనకున్నోళ్ళకి వినపడేలా అడగండి. వాళ్ళూ అడుగుతారు.